చివరి రేవు పేరు

2018లో ఆఫీసు పని మీద రెండు వారాలు యాంగోన్‌లో ఉండాల్సి వచ్చింది. మా అమ్మమ్మ ఆ ఊరిని ఏనాడూ యాంగోన్ అనలేదు, రంగూన్ అని కూడా అనలేదు. "రంగం" అనేది. వాళ్ళ ఊళ్ళో ఇంటికొకరైనా రంగం వెళ్ళొచ్చినవారేనట. ఆ మాట గుర్తొచ్చి ఒక ఆదివారం అక్కడి తెలుగువాళ్ళ గుడి ఒకటి వెతుక్కుంటూ వెళ్ళాను.

గుడి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మాట్లాడింది అచ్చం మా అమ్మమ్మ తెలుగే, కాకపోతే మధ్యమధ్య బర్మా మాటలు దొర్లుతున్నాయి. "ఏ ఊరు తాతా మీది?" అని అడిగాను. "ఇక్కడ మమ్మల్ని కొరింగీలంటారు బాబూ. మా నాన్నది టెక్కలి పక్క. ఆ కోరంగి ఎక్కడుందో మేమెవరమూ చూడలేదు" అని నవ్వాడు. పక్కింటి వాకిట్లో గంప కింద ఒక పుంజు కనిపించింది. "జాతి పుంజే" అన్నాడు. "ఏ జాతి తాతా?" అన్నాను. "మంచి జాతి" అన్నాడు. అంతకు మించి చెప్పాల్సిందేమీ లేదన్నట్టు ఊరుకున్నాడు.

అమెరికా తిరిగొచ్చాక ఆ ఏడాదే మా కౌంటీ ఫెయిర్‌కి వెళ్ళాం. మా అమ్మాయి స్నేహితురాలు ఫోర్ హెచ్ క్లబ్బులో కోళ్ళు పెంచుతుంది. వరసగా పంజరాలు, ప్రతి పంజరానికీ ఒక కార్డు. బ్రహ్మా, కొచ్చిన్, లెగ్‌హార్న్, కార్నిష్. చివర్లో "అసీల్" అని ఒకటి. తెల్లకోటు వేసుకున్న జడ్జి ఒక్కొక్క కోడినీ చేతిలోకి తీసుకుని రెక్క విప్పి, జుట్టు చూసి, కాలు కొలిచి మార్కులు వేస్తున్నాడు. ఆయన చూసేది పందెం గెలుస్తుందా, గుడ్లు పెడుతుందా అని కాదు. పుస్తకంలో రాసినట్టు ఉందా లేదా అన్నది ఒక్కటే. మా అమ్మాయి బ్రహ్మా కార్డు చూసి "ఇది మనదేనా నాన్నా?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి తేలిన సంగతులే ఈ వ్యాసం.

నేను కోళ్ళ నిపుణుణ్ణి కాను, చరిత్రకారుణ్ణీ కాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కాబట్టి ఈ జాతి ప్రమాణం అనేది నాకు మొదట స్పెసిఫికేషన్ లాగే కనిపించింది. ముందు పుస్తకంలో కోడిని రాసుకుంటారు. తల ఇలా ఉండాలి, తోక ఇంత ఎత్తున ఉండాలి, బరువు ఇంత, కాలి రంగు ఇది అని. తర్వాత తరం వెంట తరం దానికి దగ్గరగా వచ్చిన పిల్లల్ని ఉంచుకుని, రానివాటిని ఏరేసి, పుస్తకంలోని కోడిని పంజరంలోకి తెస్తారు. ఇంతకీ ఆ పుస్తకం ఎప్పుడు పుట్టింది, ఎవరు రాశారు?

ఇంగ్లండులో 1835లో చట్టం చేసి కోడిపందేలు నిషేధించారు. 1849లో ఇంకో చట్టంతో దాన్ని బిగించారు. తరతరాలుగా పుంజులు పెంచినవాళ్ళు ఉన్నపళంగా చేతులు ముడుచుకుని కూర్చోరు కదా! అదే కాలంలో తూర్పు రేవుల నుంచి ఓడల మీద పెద్దపెద్ద కోళ్ళు దిగడం మొదలైంది. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలోను, 1849లో బోస్టన్‌లోను కోళ్ళ ప్రదర్శనలు జరిగాయి. జనానికి కోళ్ళ పిచ్చి పట్టింది. బోస్టన్ వ్యాపారి జార్జ్ బర్న్‌హామ్ 1852లో విక్టోరియా రాణికి కోళ్ళు కానుకగా పంపి తన సరుకుకి గిరాకీ పెంచుకున్నాడు. మూడేళ్ళ తర్వాత ఈ పిచ్చినంతా వెక్కిరిస్తూ తనే ఒక పుస్తకం రాశాడు!

ప్రదర్శన అన్నాక గెలుపోటములు ఉంటాయి, గెలుపోటములకు కొలత కావాలి. 1865లో ఇంగ్లండులో ప్రదర్శన కోళ్ళ ప్రమాణాల మొదటి పుస్తకం వచ్చింది. సంపాదకుడు టెగెట్‌మైయర్, డార్విన్‌కి పావురాల, కోళ్ళ సమాచారం అందించిన మిత్రుడు. అమెరికాలో 1873లో బఫెలో నగరంలో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాదే దాని ప్రమాణాల పుస్తకం వచ్చింది. మా కౌంటీ జడ్జి వాడే కొలతలు ఆ పుస్తకం సంతానమే.

కొలత మారితే కోడి ఎలా మారుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పందేలు ఆగిపోయాక ఇంగ్లండులో పాత పోట్లాట జాతి నుంచి "మోడరన్ గేమ్" అనే కొత్త కోడిని తయారుచేశారు. కొంగలా పొడుగు కాళ్ళు, సన్నటి మెడ. చూడటానికి ఠీవిగా ఉంటుంది. పేరులో పోట్లాట ఉంది గానీ బరిలో దిగడానికి పుట్టిన కోడి కాదు. ఎవరూ దానికి అన్యాయం చెయ్యలేదు. బరి స్థానంలోకి పుస్తకం వచ్చింది, అంతే.

ఇక పేర్ల సంగతి. కొచ్చిన్ కోళ్ళు మన కొచ్చిన్ నుంచి వచ్చినవి కావు. షాంఘై రేవులో ఓడ ఎక్కాయి. వాటికి "కొచ్చిన్ చైనా" అని పేరు పెట్టారు. ఆ మాటకు అర్థం వియత్నాం దక్షిణ భాగం. బ్రహ్మా కోడి పేరు బ్రహ్మపుత్ర నది మీదుగా వచ్చింది. కానీ అది ఈ రూపానికి వచ్చింది అమెరికాలో, ఎక్కువగా షాంఘై నుంచి దిగిన కోళ్ళ నుంచి. చిట్టగాంగ్ కోళ్ళ పోలికలూ అందులో ఉన్నాయంటారు. లెగ్‌హార్న్ అంటే ఇటలీలోని లివోర్నో రేవుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు. అంటే కోడి ఏ ఊరి గడపలో పుట్టిందో, ఎవరు మేపారో పట్టించుకోకుండా, చివరిసారి ఓడ ఎక్కిన రేవు పేరో, ఎక్కిందనుకున్న రేవు పేరో తగిలించేశారు.

ఇక్కడే నాకు యాంగోన్ పెద్దాయన గుర్తొచ్చాడు.

కోరంగి గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకీ యానానికీ మధ్య ఉన్న రేవు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. 1839 తుపానులో దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. రంగూన్ బియ్యం రేవుగా పెరిగింది. కూలీలు కావాల్సి వచ్చారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్ళు స్టీమర్లెక్కారు. శ్రీకాకుళం వాళ్ళు, విశాఖ వాళ్ళు, గోదావరి వాళ్ళు, ఎవరైనా సరే, రంగూన్‌లో దిగాక అందరూ "కోరంగీ"లే. అప్పటికి కోరంగి రేవు పూడిపోయి దశాబ్దాలు గడిచాయి. రేవు పోయినా పేరు పోలేదు.

1872లో బ్రిటిషు బర్మాలో జనాభా లెక్కలు తీశారు. ఇంగ్లండులో కోళ్ళ ప్రమాణాల పుస్తకం వచ్చి అప్పటికి ఏడేళ్ళు. ఇది కాకతాళీయం అనుకోను. లోకాన్నంతా గళ్ళలో సర్ది, ప్రతి గడికీ ఒక పేరు, కొన్ని లక్షణాలు రాసి పెట్టుకోవాలన్న తపన ఆ కాలానిది. కోరంగి అంటే బరువులు మోసేవాడు, రిక్షా లాగేవాడు, బియ్యం మిల్లులో పనిచేసేవాడు అని గడిలో రాసుకున్నారు. 1931 లెక్కల్లో బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూన్ జనాభా 4,00,415 అయితే అందులో 2,12,929 మంది భారతీయులే. సగానికి పైగా అన్నమాట.

గడిలో రాసిన పేరు కాగితం మీదే ఉండిపోదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమయ్యాక బర్మా వాళ్ళను పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కూలి తగ్గించుకోవాలనుకున్నది కంపెనీలు. పొట్ట కొట్టుకున్నది ఇద్దరు పేదవాళ్ళు. వీధిలో వెతికి పట్టుకోవడానికి పనికొచ్చింది మాత్రం ఆ పేరు.

మనవాళ్ళు బర్మాకి వెళ్ళిన కాలంలోనే బర్మా కోళ్ళు ఇంగ్లండుకి వెళ్ళాయి. డార్విన్ 1868లో పెంపుడు జంతువుల మీద రాసిన పుస్తకంలో బాగా పొట్టి కాళ్ళుండి, నడవలేక గెంతే కోళ్ళ గురించి చెబుతూ, బర్మా రకం ఒకటి తాను పరీక్షించానని రాశాడు. 1880లలో అలాంటివి కొన్ని బర్మా నుంచి యార్క్‌షైర్‌లో బాంటమ్ కోళ్ళ పెంపకంలో పేరుపడ్డ ఎంట్‌విజిల్ చేతికి వచ్చాయి. పొట్టి కాళ్ళు, కాళ్ళ మీద ఈకలు, తల మీద కుచ్చు. "బర్మీస్" అని పేరుపెట్టి ప్రమాణం రాసుకున్నారు.

ఈ పొట్టి కాళ్ళలో ఒక మెలిక ఉంది. 1930 ప్రాంతంలో అమెరికాలో లాండావర్, డన్ అనే శాస్త్రవేత్తలు "క్రీపర్" అనే పొట్టికాళ్ళ కోళ్ళ మీద పరిశోధన చేసి చెప్పిందేమిటంటే, ఆ పొట్టితనం తెచ్చే జన్యువు ఒక మోతాదు ఉంటే కాళ్ళు పొట్టివవుతాయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు మోతాదులూ కలిస్తే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. అంటే రెండు పొట్టికాళ్ళ కోళ్ళను జతకట్టి పన్నెండు గుడ్లు పొదిగేస్తే, సగటున మూడు గుడ్లలో పిల్ల బయటికి రాదు, ఆరు పిల్లలు పొట్టికాళ్ళతో పుడతాయి, మూడు మామూలు కాళ్ళతో పుడతాయి. ఎన్ని తరాలు ఏరినా ఇంతే. ఇలాంటి కోడిని పుస్తకంలో ఎంత శుభ్రంగా రాసుకున్నా, దాని కడుపున పుట్టినవన్నీ ఎప్పటికీ పుస్తకంలా ఉండవు. పెంచేవాడి తప్పూ కాదు, కోడి తప్పూ కాదు. రాసుకున్న కొలతే అలాంటిది.

ఇంగ్లండులో ఆ బర్మీస్ కోళ్ళు క్రమంగా తగ్గి, పూర్తిగా పోయాయనే అనుకున్నారు. 1970లలో కొన్ని మిగిలి ఉన్నట్టు బయటపడింది. ఇప్పటికీ చాలా అరుదు. బర్మా పేరు మోస్తూ అవి బతుకుతున్నది ఇంగ్లండులో, కొద్దిమంది అభిమానుల పెరళ్ళలో.

అలాగని బర్మాలో కోడికి లోటేమీ లేదు. అక్కడ పందెం పుంజుని "తైక్ చెట్" అంటారు. వాళ్ళు కొలిచే నాట్ దేవతల్లో కో జీ చో అనే ఆయన తాగుబోతులకూ, జూదగాళ్ళకూ, పందేలరాయుళ్ళకూ దేవర. ఇంకో సంగతి. 2020లో 863 కోళ్ళ జన్యుపటాలు పరిశీలించిన ఒక అధ్యయనం, లోకంలోని పెంపుడు కోళ్ళకు మూలం ఎర్ర అడవికోడిలో ఒక ఉపజాతి అని తేల్చింది. దాని నెలవు నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్. ఆ లెక్కన ఫెయిర్‌లో పంజరాలన్నిటికీ బర్మా కార్డు తగిలించినా పెద్ద తప్పేమీ కాదు!

మరి మన సంగతి? పంజరాల చివర చూసిన అసీల్ మనదే. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాని సొంత నేల అని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసింది. అసీల్ అరబ్బీ మాట. మేలైన, కల్తీలేని పుట్టుక కలది అని అర్థం. మనం రోజుకి వందసార్లు వాడే "అసలు" అనే మాటా ఆ ధాతువు నుంచే వచ్చింది. అసీల్ కోడి అంటే అసలు కోడి.

మన రైతులు దాన్ని పుస్తకం చూసి పెంచలేదు. పల్నాటి కథలో చిట్టిమల్లు, శివంగిడేగల నాటి నుంచీ బరే దాని పరీక్ష. కానీ మనకూ గళ్ళు ఉన్నాయి. నల్లదైతే కాకి, తెల్లదైతే సేతు, ఎర్రదైతే డేగ. ఇంకా నెమలి, కౌజు, మైల, పర్ల, పూల, పింగళ. కుక్కుట శాస్త్రం పేరుతో ఏ రంగు కోడి ఏ రోజున, ఏ రంగు మీద గెలుస్తుందో చెప్పే పుస్తకాలు సంక్రాంతికి ఇప్పటికీ అమ్ముడుపోతాయి. అందులో సైన్సు ఎంత అన్నది అలా ఉంచండి. రంగు చూసి పేరు పెట్టగల చూపు, పుంజుతో పాటు పెట్ట వంశాన్ని కూడా గుర్తుపెట్టుకునే జ్ఞాపకం ఆ మనుషులవి. అది మనవాళ్ళు తమ కోడి గురించి తామే రాసుకున్న ప్రమాణం.

దీన్ని చూసి మురిసిపోవడానికి కూడా ఒక హద్దుంది. కాళ్ళకు కత్తులు కట్టి రెండు ప్రాణుల్ని చంపుకోనివ్వడం క్రూరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పందెంలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్ళు మనకు తెలియనివా? కాబట్టి బరి కోసమే ఈ జాతిని నిలపాలి అనడం నాకు నచ్చదు. పంజరంలో పెట్టి కాలు కొలవడం ఒక్కటే రెండో దారా అన్నదే ప్రశ్న.

అసీల్ కూడా ఓడెక్కింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో దాన్ని అక్కడి పోట్లాట కోళ్ళతో కలిపి కొత్త జాతి తయారుచేశారు. ఆ కోళ్ళను భారతదేశం నుంచి తెచ్చింది జనరల్ గిల్బర్ట్ అని చెప్పుకుంటారు. ఆ జాతికి ఇంగ్లండులో పేరు "ఇండియన్ గేమ్". అది అట్లాంటిక్ దాటి అమెరికా వచ్చింది. 1893లో ఇక్కడి పుస్తకంలో "కార్నిష్ ఇండియన్ గేమ్"గా చేరింది. 1910 నాటికి ఇండియన్ పోయి కార్నిష్ మిగిలింది. కార్న్‌వాల్‌లో అది ఇండియా కోడి. అమెరికాలో కార్న్‌వాల్ కోడి. ఏ ఒడ్డున దిగితే ఆ ఒడ్డున, వెనక వదిలొచ్చిన ఒడ్డు పేరు.

1948లో అమెరికాలో "రేపటి కోడి" అని జాతీయ పోటీ పెట్టారు. కొలత మళ్ళీ మారింది. ఈసారి కావాల్సింది రొమ్ము కండ, త్వరగా బరువు పెరగడం. కాలిఫోర్నియాకు చెందిన వాంట్రెస్ కుటుంబం కార్నిష్‌ను న్యూ హాంప్‌షైర్ జాతితో కలిపి గెలిచింది. నేటి బ్రాయిలర్ పరిశ్రమ ఆ దారిలోనే పెరిగింది. శనివారం పొద్దున మనం తెచ్చుకుని కూర వండుకునే కోడిలో అసీల్ రక్తం కొంత ఉంది. నాటుకోడి రుచి లేదని దాన్ని తిట్టుకునేదీ మనమే!

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం పడిపోయింది. లక్షల మంది ఓడల మీద, అవి దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా చేరారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక వాళ్ళలోనూ చాలామంది వెనక్కి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలో వాళ్ళు దిగిన చోటు ఇప్పటికీ బర్మా క్యాంపే. రంగూన్‌లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు కోరంగీలు. విశాఖలో దిగగానే బర్మా వాళ్ళు.

ఇది చదువుతున్న మనలో ఎవరికైనా ఈ వరస కొత్తా? 1980 నుంచి అమెరికా జనాభా లెక్కల్లో మనకు "ఏషియన్ ఇండియన్" అనే గడి ఉంది. సెలవులకి ఊరెళితే పిల్లల్ని "అమెరికా వాళ్ళు" అంటారు. ఈ పేర్ల మీద నాకు కోపం లేదు. వచ్చినవాణ్ణి చూసి ఎక్కడినుంచి వచ్చాడో చెప్పుకోవడం మనుషుల అలవాటు. నా బాధ పేరు కింద ఏం రాసి ఉందన్న దాని గురించి. కోరంగి అనే పేరు కింద రంగూన్‌లో రాసింది మనవాళ్ళు కాదు. బర్మీస్ కోడి కింద రాసింది బర్మా వాళ్ళు కాదు. 1981లో అసీల్‌ను అమెరికా పుస్తకంలో చేర్చినప్పుడు డేగ, సేతు, పర్ల అనే మాటలు దాని పక్కన చేరలేదు.

మనం కూడా పిల్లల దగ్గర జడ్జి తెల్లకోటు వేసుకుంటున్నామేమో ఒకసారి చూసుకోవాలి. వేదిక మీద పద్యం తడబడకుండా చెప్పాడా, అక్షరమాల వచ్చిందా, పట్టుపరికిణీ కట్టిందా. ఇవి ప్రదర్శనకు పనికొచ్చే కొలతలు. వద్దనను, మా ఇంట్లోనూ అవే. అయితే ముగ్గురు పుస్తకంలోలా ఉంటే ఒకరు ఉండరు. ఆ ఒకరిని ఏరి పక్కన పెట్టకూడదు.

1990లలో తూర్పు గోదావరి మన్యంలో అంత్ర అనే సంస్థ ఆదివాసీ స్త్రీలతో కలిసి అసీల్ కోళ్ళ మీద పనిచేసింది. కోళ్ళను తుడిచిపెడుతున్న కొక్కెర తెగులుకి టీకాలు వేయించారు. దానితో పాటు వాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న వాటా పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి పెట్టను ఇస్తారు. అది పొదిగిన పిల్లల్లో వాటా పంచుకుంటారు. ఆ పిల్లల నుంచి మరో ఇంటికి. పంజరం లేదు, బహుమతి లేదు, ఏరివేత కొంచెమే. కోడి ఇల్లు మారుతూ బతుకుతుంది. దాని గురించి తెలిసిన సంగతులూ కోడితో పాటే ఇల్లు మారతాయి. రెండో దారి ఏమిటని ఇందాక అడిగాను కదా, నాకు కనిపించింది ఇది.

యాంగోన్‌లో నేనొక పొరపాటు చేశాను. గంప కింద పుంజుని చూపించి, దీని రంగుని ఏమంటారు తాతా అని ఆ పెద్దాయన్ని అడగలేదు. డేగ అనేవాడో, బర్మా మాటేదైనా చెప్పేవాడో. నాన్నగారు టెక్కలి పక్క నుంచి ఏ రేవులో ఓడెక్కారో కూడా అడగలేదు. మీటింగుకి టైమైందని టాక్సీ ఎక్కేశాను. తర్వాత 2021లో మళ్ళీ సైన్యం అధికారం తీసుకుంది. అటువైపు పని మా ఆఫీసు మానేసింది.

మా అమ్మమ్మా ఇప్పుడు లేదు. మీ ఇంట్లో రంగం కబుర్లు తెలిసినవాళ్ళు, పుంజుని చూసి పేరు చెప్పగలవాళ్ళు ఇంకా ఉంటే, ఈ వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఊరు పేరు, రేవు పేరు, ఓడెక్కిన ఏడు, అక్కడ చేసిన పని, పెంచిన కోడి రంగు. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకోండి.